జిమ్మా: స్వపరిపాలనా, అప్పగింతా?
యూదు వారసత్వం నుంచి అనంతపురం పీఠభూమి దాకా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ముస్లిం రాజ్యాల్లో యూదులకు లభించిన సమాజ స్వపరిపాలనను సహనానికి నిదర్శనంగానో, అణచివేతకు ముసుగుగానో చూడటం చరిత్రరచనలో పరిపాటి అయింది. ఈ రెండు తీర్పులూ ఒకే ప్రశ్నను దాటవేస్తున్నాయని ఈ వ్యాసం వాదిస్తుంది. ప్రభువు అప్పగించిన అధికారం ఆ సమాజంలో ఎవరి చేతికి వచ్చింది, ఎవరికి అందకుండా పోయింది అన్నదే ఆ ప్రశ్న. కైరో గెనీజా పత్రాలు, 1647లో హైదరాబాదులో సర్మద్ వివరించిన యూదుమతం, అనంతపురం పీఠభూమి గ్రామవ్యవస్థ అనే మూడు ఆధారాలను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాస పద్ధతి.

కీలకపదాలు: జిమ్మా, యూదులు, గెనీజా, సర్మద్, గోల్కొండ, అనంతపురం, దశబంధం, ఆయగాండ్రు, దళితులు.

1. ఉపోద్ఘాతం

"జిమ్మా" అనే మాట తెలుగువారికి కొత్త కాదు. జప్తు చేసిన సొత్తును ఒకరి వశంలో ఉంచి, అడిగినప్పుడు తెచ్చి చూపుతానని వారిచేత రాయించుకునే పత్రం జిమ్మానామా. సొత్తు వారి దగ్గరే ఉంటుంది, కాని వారిది కాదు. దాన్ని కాపాడే అధికారం వారిది, జవాబు చెప్పవలసిన పూచీ కూడా వారిదే. అరబ్బీలో ఈ పదానికి రక్షణ, పూచీ, బాధ్యత అనే అర్థాలున్నాయి. ఇస్లామీయ రాజ్యంలో జిజియా చెల్లించి తమ మతాన్ని తాము పాటించుకొనే యూదులు, క్రైస్తవులు మొదలైనవారిని జిమ్మా కిందివారని వ్యవహరించారు.

ఈ ఏర్పాటు గురించి ఆధునిక విద్వాంసులు పరస్పర విరుద్ధమైన రెండు చిత్రాలు గీశారు. మార్క్ కోహెన్ 1994లో ప్రచురించిన గ్రంథంలో వీటిని విడదీసి చూపారు. మొదటిది ముస్లిం పాలనను మతసామరస్యపు స్వర్ణయుగంగా చిత్రించేది. రెండవది దాన్ని ఎడతెగని కన్నీటి కథగా చెప్పేది. రెండూ ఆధునిక రాజకీయ అవసరాలకు పుట్టిన కల్పనలేనని, మధ్యయుగ క్రైస్తవ ఐరోపాతో పోల్చినప్పుడు మాత్రం ముస్లిం రాజ్యాల్లో యూదుల స్థితి మెరుగని ఆయన నిర్ణయం.

దక్కను చరిత్ర గురించి తెలుగులో జరిగే చర్చ కూడా తరచు ఇదే తక్కెడలో తూగుతుంది. కుతుబ్‌షాహీలను ఒకరు ఆంధ్రభాషాభిమానులుగా కీర్తిస్తారు, మరొకరు రామదాసు చెరసాలను గుర్తుచేస్తారు. ఈ రెండు వాదాల్లోనూ పరిశీలన పాలకుని మనస్తత్వం మీదనే నిలుస్తోంది. అధికారం కిందికి ఎలా దిగింది, ఎక్కడ ఆగింది అన్న విచారణ జరగడం లేదు.

ఇక్కడ చేసే పోలిక ప్రభావ నిరూపణకు కాదు. ఈజిప్టు యూదుల పద్ధతి అనంతపురానికి వచ్చిందని ఈ వ్యాసం అనదు. ఒకే పాలనా సమస్యకు వేర్వేరు చోట్ల వచ్చిన పరిష్కారాలను సరిచూడటమే దీని పరిధి.

2. గెనీజా పత్రాలు చెప్పే స్వపరిపాలన

కైరో సమీపాన ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరంలో గెనీజా అనే గది ఉండేది. దైవనామం ఉండవచ్చునన్న భావంతో పాతకాగితాలను పారవేయకుండా అందులో దాచేవారు. సాలమన్ షెక్టర్ 1896-97లో అక్కడి నుంచి దాదాపు 1,93,000 పత్రఖండాలను కేంబ్రిడ్జికి చేర్చాడు. వాటి ఆధారంగా ఎస్.డి. గోయిటైన్ మధ్యధరా యూదుసమాజ చరిత్రను అనేక సంపుటాలుగా రాశాడు.

ఆ పత్రాల్లో స్వపరిపాలన సిద్ధాంతంగా కాక దైనందిన వ్యవహారంగా కనిపిస్తుంది. పెళ్లి, విడాకులు, వారసత్వం, వ్యాపార వివాదాలను యూదుల ధర్మాసనమైన బేత్ దీన్ విచారించేది. ధర్మాస్తుల అద్దెలతో మందిరాల మరమ్మతులు, పండితుల వేతనాలు సాగేవి. పేదలకు రొట్టెలు పంచిన జాబితాలు పేర్లతో సహా మిగిలాయి. సమాజానికి పెద్దగా ఉండే నగీద్‌ను ప్రభుత్వం గుర్తించేది. బాగ్దాదులో ఇటువంటి స్థానమే దావీదు వంశీయుడుగా చెప్పుకొన్న యూదు ప్రభువుకు ఉండేది.

ఈ చిత్రానికి మరో పార్శ్వముంది. జిజియా పేదవారి మీద ఎంత భారంగా పడిందో గోయిటైన్ ఆ పత్రాల నుంచే చూపాడు. 11వ శతాబ్ది ఆరంభంలో ఫాతిమీ ఖలీఫా అల్-హాకిం యూదుల, క్రైస్తవుల ప్రార్థనాలయాలను కూల్పించాడు. ప్రభువు ఇచ్చిన రక్షణను ప్రభువే ఉపసంహరించగలడు. జిమ్మా హక్కు కాదు, అప్పగింత అనడానికి ఇది మొదటి ఆధారం.

రెండవ ఆధారం ఇంతకంటె ముఖ్యమైనది. తమ సొంత ధర్మాసనం ఉండగా కొందరు యూదులు ముస్లిం ఖాజీ వద్దకు వెళ్లేవారు. యూరియల్ సైమన్‌సన్ 2011లో ప్రచురించిన గ్రంథం తొలి ఇస్లామీయ యుగంలో యూదులు, క్రైస్తవులు ఈ విధంగా రెండు న్యాయవ్యవస్థల మధ్య తిరిగిన తీరును విచారించింది. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం కొడుకులుంటే కూతురికి వారసత్వపు వాటా లేదు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో కొడుకు వాటాలో సగమైనా కూతురికి ఉంది. అటువంటి కూతురికి సమాజ స్వపరిపాలన రక్షణ కాదు, అడ్డుగోడ. ఆ గోడ దాటినవారిని వెలివేస్తామని రబ్బీలు బెదిరించారు. స్వపరిపాలనను "సమాజం" కోణం నుంచి మాత్రమే చూసే చరిత్రకారుడికి ఈ స్త్రీ ద్రోహిగా కనిపిస్తుంది. ఆమె కోణం నుంచి చూస్తే సమాజ స్వేచ్ఛ, వ్యక్తి స్వేచ్ఛ ఒకటి కావని అర్థమవుతుంది.

3. హైదరాబాదులో ఒక యూదు స్వరం

తెలుగునేలపై యూదు విద్యకు సంబంధించిన విశిష్టమైన సాక్ష్యం అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు హైదరాబాదులో ఉంది. వివిధ మతాలను వివరించే పారశీక గ్రంథం "దబిస్తాన్-ఎ-మజాహిబ్" కర్త ఎవరన్నదానిపై విద్వాంసులలో ఏకాభిప్రాయం లేదు. ఆ కర్త హిజ్రీ 1057లో, అనగా 1647లో, హైదరాబాదులో సర్మద్‌ను కలుసుకొన్నాడు. సర్మద్ కాషాన్‌కు చెందిన యూదు పండిత కుటుంబంలో పుట్టి, ఇస్లాం స్వీకరించి, ఇరాన్ తత్త్వవేత్తల వద్ద చదివి, వర్తకుడుగా సింధుదేశంలోని ఠట్టాకు వచ్చినవాడు. అక్కడ పరిచయమైన హిందూ యువకుడు అభయచంద్ అతనికి శిష్యుడై తోరా చదువుకొన్నాడు. దబిస్తాన్‌లోని యూదుమతాధ్యాయానికి సర్మద్ మాటలే ఆధారం. ఆదికాండపు తొలిభాగానికి అభయచంద్ చేసిన పారశీకానువాదం కూడా అందులో చేరింది.

పరాయివారు రాసిన దాన్ని కాక ఆ మతం లోపలి నుంచి వచ్చినవారినే అడిగి తెలుసుకోవాలన్న దబిస్తాన్ కర్త తపన విమర్శకులు మెచ్చదగినది. అయితే ఆ "లోపలివాడు" అప్పటికే మతం మారినవాడు. అనువాదకుడు హిందువుగా పుట్టినవాడు. భాష పారశీకం, రాజ్యం షియా సుల్తానుది. యూదు వారసత్వం ఇక్కడ ఇన్ని చేతులు మారి కాగితం మీదికి వచ్చింది.

ఈ అధ్యాయంలో సిద్ధాంతముంది, గ్రంథముంది. ఫుస్తాత్‌లో కనిపించిన ధర్మాసనం, ధర్మనిధి, సమాజపు పెద్ద మాత్రం లేరు. వారసత్వం వ్యక్తి జ్ఞాపకంలో బతికింది, సంస్థగా బతకలేదు. దీన్ని గోల్కొండ సహనానికి నిదర్శనమనడం తొందరపాటు. సంస్థ అండలేని వ్యక్తికి ఆదరించే ప్రభువే దిక్కు. ఆ ప్రభువు మారితే దిక్కు మారుతుంది. సర్మద్ అనంతర జీవితం ఇందుకు సాక్ష్యం. ఢిల్లీలో దారా షికోకు సన్నిహితుడైన అతడు ఔరంగజేబు ఏలుబడి తొలినాళ్లలో మరణశిక్షకు గురయ్యాడు.

4. అల్పసంఖ్యాకులెవరు?

యూదుల చరిత్ర నుంచి వచ్చిన "అల్పసంఖ్యాక మతసమాజం" అనే భావనను దక్కనుకు యథాతథంగా అన్వయించడంలో చిక్కుంది. ఫుస్తాత్‌లో పాలితులైన యూదులు అల్పసంఖ్యాకులు. గోల్కొండ, బీజాపూరు రాజ్యాల్లో పాలకుల మతస్థులే సంఖ్యలో తక్కువ. శిస్తు వసూలు, లెక్క, కోటల కాపలా స్థానికుల చేతుల మీదుగా జరగవలసిందే. కాబట్టి ఇక్కడ అప్పగింత దయాదాక్షిణ్యాల విషయం కాదు. అది లేక రాజ్యమే నడవదు.

మాదన్న ఉదంతాన్ని ఈ వెలుగులో మళ్లీ చదవాలి. అబుల్ హసన్ తానీషా కొలువులో మాదన్న, అక్కన్న సోదరులు పొందిన ఉన్నతిని తెలుగువారి పాలనగా చెప్పుకోవడం అలవాటు. దీనికి సమాంతరం 11వ శతాబ్ది స్పెయిన్‌లో ఉంది. గ్రనడా ముస్లిం రాజ్యానికి మంత్రిగా, యూదులకు నగీద్‌గా ఉన్న శామ్యూల్ ఇబ్న్ నగ్రేలా కవి, పండితుడు. అతని తరువాత మంత్రి అయిన కుమారుడు జోసెఫ్ 1066లో జరిగిన దొమ్మీలో హతుడయ్యాడు. అతనితోపాటు ఆ నగర యూదులూ ఊచకోతకు గురయ్యారు. మాదన్న, అక్కన్నలు 1686లో మొగలాయి దాడి నీడలో హైదరాబాదు వీధిలో హత్యకు గురయ్యారు. మరుసటి సంవత్సరం గోల్కొండ పడిపోయింది. ఔరంగజేబు 1679లో పునరుద్ధరించిన జిజియా ఆ తరువాత ఇక్కడికీ వచ్చింది.

రెండు చోట్లా ప్రభువుకు దగ్గరైన మంత్రి ఉన్నతిని అతని సమాజపు అధికారంగా జనం భ్రమించారు. ప్రభువు బలహీనపడినప్పుడు ఆ భ్రమే కసిగా మారింది. మంత్రి పదవిని స్వపరిపాలనగా లెక్కించరాదని ఈ రెండు ఉదంతాలు చెబుతున్నాయి. స్వపరిపాలన జాడను కొలువులో కాక ఊరిలో వెతకాలి.

5. అనంతపురం పీఠభూమి: చెరువు, ఇనాము, ఆయము

ఆ వెతుకులాటకు అనంతపురం పీఠభూమి తగిన చోటు. 1565 తరువాత విజయనగర రాజధాని అయిన పెనుకొండ 17వ శతాబ్ది మధ్యకు బీజాపూరు వశమైంది. అటుపైన మొగలాయిలు, గుత్తి మరాఠాలు, హైదరాలీ, టిప్పు, నిజాం ఈ సీమను ఏలారు. 1800లో నిజాం దీన్ని కుంఫిణీకి దత్తం చేశాడు. ఇంతమంది ప్రభువులు మారినా వాన మాత్రం సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. కరవుసీమలో ఏ ప్రభువుకైనా శిస్తు రావాలంటే చెరువు నిలవాలి. చెరువు నిలవాలంటే దాన్ని కనిపెట్టుకొనే ఊరు ఉండాలి.

ఈ అవసరానికి ఏర్పడినది దశబంధం. చెరువును తవ్వించినందుకో, కట్టను మరమ్మతు చేస్తూ ఉండేందుకో భూమిని ఇనాముగా ఇచ్చే ఏర్పాటు ఇది. విజయనగరకాలపు శాసనాల్లో కనిపించే ఈ మాట 19వ శతాబ్దపు ఇనాము లెక్కల్లోనూ ఉంది. నడుమ వచ్చిపోయిన ముస్లిం రాజ్యాలు దీన్ని చెరిపివేయలేదని తెలుసుకోవడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. దేవదాయం, బ్రహ్మదాయం, పీర్ల మకానాలకిచ్చిన మాన్యాలు, దశబంధం అన్నీ ఒకే ఇనాము పద్దులోకి వచ్చాయి. ఇనాము అన్న మాటే అరబ్బీ నుంచి వచ్చింది.

దీన్ని ఫుస్తాత్‌లోని ధర్మాస్తులతో పోల్చితే సామ్యం, భేదం రెండూ తేలుతాయి. రెండుచోట్లా రాజ్యం ఒక ఆదాయాన్ని వదులుకొని ఒక పనిని అప్పగించింది. ఫుస్తాత్‌లో ఆ పని చేసినది మతసమాజం. అనంతపురంలో ఊరు. రెడ్డి, కరణం, తలారి, నీరుగంటి, వడ్రంగి, కమ్మరి మొదలైన ఆయగాండ్రు పంటలో వాటా తీసుకొని ఊరి పనులు నడిపారు. బీజాపూరు పాలనలోని మరాఠీ ప్రాంతపు తీర్పుపత్రాలను పరిశీలించిన వి.టి. గుణే (1953), ఖాజీ, దేశముఖు, గ్రామోద్యోగులు కలిసి కూర్చొని వివాదాలు తేల్చిన మజ్లిస్‌లను వివరించాడు. అక్కడ న్యాయసభలకు మతమొక్కటే సరిహద్దు కాలేదు.

నేటికీ ఈ సీమలో మతరేఖ అంత గట్టిది కాదు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పేర జరిగే పీర్లపండుగకు వచ్చేవారిలో అత్యధికులు హిందువులే. అఫ్సర్ మహమ్మద్ 2013లో ప్రచురించిన గ్రంథం ఈ ఉమ్మడి భక్తిని విశదీకరించింది. మతాన్నే సమాజపు ఎల్లగా భావించే జిమ్మా పరిభాష ఇక్కడ చాలదు.

6. "చిన్న గణరాజ్యం" మీద విమర్శ

దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా అనంతపురంలో ఉన్న థామస్ మన్రో, పన్నెండుమంది ఆయగాండ్రతో కూడిన ప్రతి గ్రామమూ ఒక చిన్న గణరాజ్యం వంటిదని 1806లో నివేదించాడు. ఆ ఉపమానం తరువాత దేశమంతటికీ వర్తించే సిద్ధాంతమైంది. యూదుల చరిత్రలో "స్వర్ణయుగం" ఎటువంటి కల్పనో, మన గ్రామచరిత్రలో ఈ "గణరాజ్యం" అటువంటిదే. రెండింటిలో ఉన్న పొరపాటు ఒక్కటే. పైవాడు జోక్యం చేసుకోకపోవడాన్ని లోపలి స్వేచ్ఛగా లెక్కగట్టడం.

ఈ గణరాజ్యంలో నిర్ణయమెవరిది, మూల్యమెవరిది? అనంతపురం సమీపాన ఉన్న బుక్కరాయసముద్రం చెరువుగాథ ఇందుకు జవాబిస్తుంది. కట్ట తెగబోతున్నప్పుడు బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలికోరుతూ దైవవాణి వినిపించిందని, ఆమె నీటికి ఆహుతైందని ఆ గాథ. కట్టమంచి రామలింగారెడ్డి దీన్నే "ముసలమ్మ మరణము" కావ్యంగా మలిచారు. ఆమె త్యాగాన్ని కరుణరసదృష్టితో చర్చించిన విమర్శ మనకు విస్తారంగా ఉంది. పాలనాదృష్టితో చదివితే మరో అర్థం స్ఫురిస్తుంది. చెరువు ఊరందరిది. బలి మాత్రం ఊరి సభలో మాటలేని కోడలు. గాథను చరిత్రగా తీసుకోనక్కరలేదు. కాని గాథ ఎవరిని ఎన్నుకొంటుందో అది ఆ సమాజపు అధికారక్రమానికి గుర్తు. ఫుస్తాత్ యువతికి ఖాజీ వద్దకు పోయే దారి ఒకటైనా ఉంది. ముసలమ్మకు కట్ట తప్ప దారి లేదు.

కోడలికి ఇల్లైనా ఊరిలో ఉంది. మాదిగవారికి అదీ లేదు. కపిల బావికి తోలుబాన కుట్టినదీ, వెట్టిచాకిరి చేసినదీ వారే. కళ్లంలో వారికీ ఆయపు గింజలు కొలిచారు. ఆయపట్టీలో పేరుండటం వేరు, సభలో మాట ఉండటం వేరు. సుల్తాను అప్పగించిన అధికారం రెడ్డి, కరణాల వద్ద ఆగిపోయింది. పాలకుడు ముస్లిమైనా, హిందువైనా, ఆంగ్లేయుడైనా ఆ ఆగినచోటు పెద్దగా జరగలేదు. ప్రభువు మతాన్ని మాత్రమే కొలమానంగా తీసుకొన్న చరిత్రరచనకు ఈ స్థిరత్వం కనబడదు.

7. అప్పగింతకు వెలుపల: కొత్తరెడ్డిపాలెం

వెలుపల ఉండిపోయినవారు చరిత్రను ఎలా కోరుకొంటారన్నది తరువాతి ప్రశ్న. ఇందుకు ఉదాహరణ అనంతపురంలో కాక గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో ఉంది. మాదిగ సమాజానికి చెంది, అంతకుముందు క్రైస్తవులుగా ఉన్న కొన్ని కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించుకొన్నాయి. "బెనె ఎఫ్రాయిం" పేర 1991లో ప్రార్థనామందిరాన్ని ఏర్పరచుకొన్నాయి. యులియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ కలిసి 2013లో ప్రచురించిన గ్రంథం ఈ సమాజాన్ని కులం, మతం రెండింటి నేపథ్యంలో అధ్యయనం చేసింది.

ఈ వంశకథ నిజమా కాదా అన్న వాదంలోనే చిక్కుకొంటే అసలు విషయం చేజారుతుంది. ఊరి చరిత్రలో సేవకుడిగా తప్ప స్థానంలేనివాడు ఊరికంటె పాతదైన చరిత్రను తనదిగా చెప్పుకొంటున్నాడు. తన పెళ్లి, తన పండుగ, తన చావు తన నియమాల ప్రకారం జరగాలంటున్నాడు. గెనీజా సమాజం పైనుంచి పొందిన స్వపరిపాలనను వీరు కిందినుంచి నిర్మించుకొంటున్నారు.

ఇందులోనూ జిమ్మా నీడ లేకపోలేదు. మీరెవరో మేము ఒప్పుకోవాలి అనే అధికారం నేడు సుల్తానుకు బదులు కులధ్రువీకరణ ఇచ్చే కార్యాలయానికి, విదేశీ మతసంస్థలకు, వలసను అనుమతించే రాజ్యానికి ఉంది. మతం మారితే షెడ్యూల్డు కులపు హోదా ఏమవుతుందన్న ప్రశ్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దగ్గరి నుంచి దళితులను వెంటాడుతూనే ఉంది. గుర్తింపును ఇచ్చేవాడు ఉన్నంతకాలం అప్పగింత ముగియదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ముస్లిం పాలనలో యూదుల స్వపరిపాలన ప్రభువు మతగుణం కాదు, మధ్యవర్తి ద్వారా పాలించే పద్ధతి. సుమారు క్రీ.శ. 1000లో చేరరాజు భాస్కర రవివర్మ యూదువర్తకుడు జోసెఫ్ రబ్బన్‌కు 72 హక్కులతో తామ్రశాసనమిచ్చాడు. హిందూరాజ్యంలోనూ ఈ పద్ధతి ఉండేదనడానికి అది సాక్ష్యం. రెండు, అనంతపురం పీఠభూమిపై ఆ పద్ధతికి మూలం మతసమాజం కాదు, చెరువును నిలుపుకొన్న ఊరు. మూడు, ఫుస్తాత్‌లోనైనా అనంతపురంలోనైనా అప్పగించిన అధికారం స్త్రీల దాకా, శ్రమకులాల దాకా రాలేదు.

కాబట్టి దత్తమండలాల కైఫియతులను, ఇనాము రిజిస్టర్లను చదివే పరిశోధకుడు "ఈ ప్రభువు సహనశీలియా?" అన్న ప్రశ్నను పక్కనపెట్టాలి. ఈ పత్రం మీద ఎవరి చేవ్రాలుంది? ఎవరి పేరు పనిలో ఉండి చేవ్రాలులో లేదు? న్యాయం దొరకనివాడు ఊరు విడిచి ఎవరి గుమ్మం తొక్కాడు? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు కూర్చినప్పుడే అప్పగింతకు, స్వపరిపాలనకు మధ్య ఉన్న దూరం ఎంతో లెక్కకు వస్తుంది.